ఆయన వెళ్లిపోయే ఎపిసోడ్ చూడలేకపోతున్నాను

ప్రశ్న: అమ్మగారూ, నమస్కారం. మాది బరంపురం. నాకు 23 ఏళ్లు. ఒక బట్టల షాపులో అకౌంట్స్ రాస్తాను. నాన్న మగ్గం మీద పట్టు నేస్తారు. కిందటేడు పూజా సెలవుల్లో నేనూ తమ్ముడూ లాప్‌టాప్‌లో ‘డాక్టర్ హూ’ చూడటం మొదలుపెట్టాం. 2005లో మళ్లీ మొదలైన దగ్గర నుంచి వరసగా చూస్తూ వచ్చాం. మీకు తెలియకపోతే చెబుతున్నాను. కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే ఒక డాక్టర్ కథ అది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆయన ఒళ్లంతా వెలుగైపోయి, వేరే మొహంతో కొత్త మనిషిగా లేస్తాడు. అలా నటుడు మారినా కథ ఆగదు. నాకు పదో డాక్టర్, డేవిడ్ టెనంట్ అంటే ప్రాణం. ఆయన వెళ్లిపోయే కథ రెండు భాగాలు. అది వచ్చి పదిహేనేళ్లు దాటింది. నేను మాత్రం దాని ముందు ఎపిసోడ్ దగ్గర ఆగిపోయి మూడు నెలలైంది. చూడకపోతే ఆయన వెళ్లనట్టే కదా అనిపిస్తుంది. రాత్రిళ్లు నిద్ర పట్టక, ఆయన ఎందుకు మానేశాడు, ఎవరితోనైనా గొడవా అని ఫోన్‌లో వెతుకుతాను. అలా వెతుకుతుంటే ఆయన చివరి మాట కూడా తెలిసిపోయింది. ‘నాకు వెళ్లాలని లేదు’ అంటాడట. అది చదివి ఏడ్చాను. అమ్మ చూసి “ఉన్నవాళ్లు పోతేనే ఏడవడానికి తీరిక లేదు, లేనివాడి కోసం ఏడుస్తావా” అంది. తమ్ముడు విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటాడు. ఆ రెండు భాగాలూ కలిసే చూద్దామని ఒట్టు పెట్టుకున్నాం. వాడు ఫ్రెండ్స్‌తో చూసేసి తర్వాతి డాక్టర్ దగ్గరికి వెళ్లిపోయాడు. పైగా “కొత్తాయన ఇంకా బాగున్నాడక్కా” అంటున్నాడు. వాడితో సరిగ్గా మాట్లాడి నెలైంది. నాది పిచ్చా? ఆ రెండు భాగాలూ అసలు చూడకుండా వదిలేస్తే తప్పా?
— ఒక సోదరి, బరంపురం

సమాధానం:

అమ్మా,

నీది పిచ్చి కాదు. ఈ మాట ముందు చెప్పేస్తే మిగిలినవి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

ఆ సీరియల్ నాకు తెలుసు. రెండేళ్ల కిందట మోకాలి ఆపరేషన్ అయి, పర్లాకిమిడిలో మా ఇంట్లో మూడు నెలలు మంచం మీద ఉన్నాను. అప్పుడు మా మేనకోడలు పెట్టి చూపించింది. వాళ్ల యాస అర్థం కాక మొదట్లో కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ చూశాను. తర్వాత తర్వాత అక్షరాలు చదవడం మర్చిపోయాను. నువ్వు ఆగిపోయిన చోటు ఏదో నాకు తెలుసు. ఆ రెండు భాగాల్లో ఏం జరుగుతుందో ఈ జవాబులో ఒక్క ముక్క కూడా చెప్పను. భయపడకుండా చదువు.

ముందు అమ్మ మాట. ఆవిడ నిన్ను చిన్నబుచ్చడానికి అన్నదని నేననుకోను. మగ్గం ఉన్న ఇంట్లో ఆడవాళ్ల పని ఎప్పటికీ తెమలదు. పిల్ల కళ్లు వాచి కనిపిస్తే కంగారు పడి అలాంటి మాటే నోటికొస్తుంది. కానీ ఆవిడకీ ఈ ఏడుపు తెలుసు. రెండేళ్లకోసారి చైత్రంలో మీ ఊళ్లో జరిగే ఠాకురాణి యాత్ర గుర్తు చేసుకో. అమ్మవారు మీ నేతవాళ్ల ఇంటి ఆడపిల్ల, దేశీబెహరా వీధి ఆవిడకి పుట్టిల్లు. ఉన్నన్నాళ్లూ సాయంత్రమయ్యేసరికి ఘటాలు ఎత్తుకుని ఆడవాళ్లు వీధులు తిరుగుతారు. మొక్కుకున్నవాళ్లు పులివేషం నుంచి రకరకాల వేషాలు కడతారు. ఆఖరి రాత్రి ఆవిడ గుడికి తిరిగి వెళుతుంటే ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంటుంది. నేను పెళ్లైన కొత్తలో ఒకసారి ఆ రాత్రి మీ ఊళ్లో ఉన్నాను. నా పక్కన నిలబడ్డ ముసలావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ “మళ్లీ రెండేళ్లు” అంది. గుడి ఆ ఊళ్లోనే ఉంది. కావాలంటే మర్నాడు పొద్దున్నే వెళ్లి దర్శనం చేసుకోవచ్చు. అయినా ఆవిడకి ఏడుపు ఆగలేదు. అమ్మవారినీ సీరియల్ డాక్టర్నీ ఒకే గాటన కడుతున్నానని అనుకోకు, తల్లీ. మనింటికి వచ్చి కొన్నాళ్లుండి వెళ్లేవాళ్ల మీద మనసు ఎలా పెట్టుకుంటామో అది మాత్రమే చెబుతున్నాను. టెనంట్ కొన్ని నెలలపాటు మీ ఇంటికి వచ్చి వెళ్లాడు. రోజంతా లెక్కలు రాసి అలిసిపోయి వచ్చిన నిన్ను నవ్వించాడు. ‘లేనివాడు’ అని అమ్మ అంది గానీ, ఆ సాయంత్రాలు నిజంగా ఉన్నవే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే అడుగుతాను. ఆ ఆఖరి రాత్రి మీ వీధిలో ఎవరైనా తలుపులు వేసుకుని, నేను చూడకపోతే అమ్మవారు వెళ్లనట్టే అని లోపల కూర్చుంటారా?

నువ్వు చేస్తున్నది అదే. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఈ సీరియల్ 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైంది. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్. మూడేళ్లు తిరిగేసరికి ఆయన ఆరోగ్యం దెబ్బతింది. డైలాగులు గుర్తుపెట్టుకోవడం కష్టమైపోయింది. సీరియల్‌కేమో జనం ఉన్నారు, ఆపడం ఇష్టం లేదు. డాక్టర్ మామూలు మనిషి కాదు కదా, వేరే గ్రహం వాడు కదా, ఒళ్లు మారిస్తే ఏం పోయింది అనే ఆలోచన అప్పుడు వచ్చింది. 1966 అక్టోబరు 29న వచ్చిన ఎపిసోడ్‌లో హార్ట్‌నెల్ నేల మీద పడిపోయాడు. ఆ చోట ఇంకో మొహం వచ్చింది, పాట్రిక్ ట్రౌటన్‌ది. అప్పటికి ఆ మార్పుకి ఇవాళ మనం అనే పేరు కూడా లేదు. రీజనరేషన్ అన్న మాట 1974లో గానీ రాలేదు.

ఆ ఎపిసోడ్ ఇప్పుడు లేదు. అప్పట్లో వీడియో టేపులు ఖరీదైనవి. పాతవాటిని మళ్లీ ఎవరు చూస్తారులే అని బీబీసీ వాటిని చెరిపేసి వేరే వాటికి వాడుకుంది. అలా 1960ల నాటి ఎపిసోడ్లు చాలా పోయాయి. మొదటి డాక్టర్ వెళ్లిపోయే ఎపిసోడ్ కూడా వాటిలో పోయింది. మొహం మారే ఆ కొద్ది క్షణాలు మాత్రం, ఇంకో పిల్లల కార్యక్రమంలో చూపించడం కోసం కాపీ తీసుకోవడం వల్ల, మిగిలాయి.

మాటలు మాత్రం మొత్తం మిగిలాయి. ఎలాగో తెలుసా? కొందరు అభిమానులు టీవీ దగ్గర టేప్ రికార్డర్ పెట్టి, ఇంట్లోవాళ్లని మాట్లాడొద్దని చెప్పి, ఎపిసోడ్ మొత్తం రికార్డు చేసుకున్నారు. అందులో చాలామంది కుర్రాళ్లు. బొమ్మ దాచుకునే వీలు లేని రోజులు కాబట్టి గొంతులైనా దాచుకున్నారు. ఆ టేపుల వల్లే పోయిన ఎపిసోడ్లన్నిటికీ ఇవాళ మాటలు వినబడుతున్నాయి. నేను ఈ సంగతి చదివిన రోజు చాలాసేపు వేరే పని చేసుకోలేకపోయాను. బీబీసీ అంత పెద్ద సంస్థ పారేసినదాన్ని పదిహేనేళ్ల పిల్లలు మంచం కింద పెట్టెల్లో దాచారు.

ఒక వీడ్కోలును కళ్లారా చూడాలని ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకది దొరకలేదు. నీ దగ్గర ఉంది, మూత తీయకుండా పెట్టుకున్నావు. చూడకపోవడం తప్పని నేననను. కానీ మూడు నెలలుగా నువ్వు ఆయనతో సంతోషంగా కూడా లేవు. పాత ఎపిసోడ్లు మళ్లీ వేసుకున్నానని నీ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఆగిపోయానని రాశావు, వెతుకుతున్నానని రాశావు, ఏడ్చానని రాశావు. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రావడం లేదు, నువ్వు సాగనంపడం లేదు.

చివరి మాట ముందే తెలిసిపోయిందని బాధపడకు. దానివల్ల ఏమీ పోలేదు. మనవాళ్లు తెల్లవార్లూ కూర్చుని చూసే పద్యనాటకంలో తెలియని మాట ఒక్కటైనా ఉంటుందా? రాయబారానికి వెళ్లిన కృష్ణుడు ఏ పద్యం పాడతాడో ముందు వరసలో చాప మీద కూర్చున్న తాతకి నటుడికంటే బాగా తెలుసు. తెలిసే వస్తాడు, తెలిసే కళ్లు తుడుచుకుంటాడు. ఆ నాలుగు మాటలు ఫోన్‌లో చదవడం వేరు. ఎవరు, ఎప్పుడు, ఏం చేసి వచ్చి ఆ మాట అంటాడో చూడటం వేరు. అది నీకింకా తెలియదు, నేనూ చెప్పను.

ఇక ఆయన ఎందుకు మానేశాడనే వెతుకులాట. టెనంట్ విషయంలో దాగిందేమీ లేదు. 2008 అక్టోబరు 29న ఆయనే చెప్పాడు. హార్ట్‌నెల్ పడిపోయిన రోజుకి అది సరిగ్గా 42 ఏళ్లు. ఆ రాత్రి ఆయన స్ట్రాట్‌ఫర్డ్‌లో స్టేజి మీద హామ్లెట్ వేస్తున్నాడు. ఇంటర్వెల్లో అక్కడి నుంచే లైవ్‌లో టీవీ అవార్డుల సభతో మాట్లాడుతూ, వెళ్లిపోతున్నానని చెప్పాడు. ఆయన చివరి భాగం వచ్చింది 2010 జనవరి 1న. మధ్యలో 14 నెలలు. 2009లో మామూలు సిరీస్ కూడా లేదు. ఎప్పుడో ఒకటి చొప్పున ప్రత్యేక ఎపిసోడ్లు వచ్చాయి. ఒక్కోటి వచ్చినప్పుడల్లా ఇంక ఇన్నే మిగిలాయని లెక్కపెట్టుకుంటూ ఒక దేశం దేశమంతా ఎదురుచూసింది. నువ్వు మూడు నెలలుగా పడుతున్న టెన్షన్‌ని వాళ్లు ఏడాదికి పైగా పడ్డారు.

ముందుగా చెప్పి వెళ్లడం కూడా అందరికీ దొరకదమ్మా. ఆయనకి ముందున్న క్రిస్టఫర్ ఎకిల్‌స్టన్ సంగతి గుర్తుందా? 2005 మార్చి 26న మొదటి ఎపిసోడ్ వచ్చింది. వారం తిరగకుండానే ఆయన ఒక్క సిరీస్‌తో మానేస్తున్నాడని బయటికొచ్చింది. ఆయన అన్నట్టుగా ఒక ప్రకటన కూడా వచ్చింది. ఆయన్ని అడగకుండానే అది ఇచ్చామని బీబీసీ తర్వాత ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. 1980లలో ఆరో డాక్టర్ కాలిన్ బేకర్‌నైతే తీసేశారు. ఒళ్లు మారే సీను చేయడానికి మళ్లీ రమ్మంటే ఆయన రానన్నాడు. 1987లో కొత్తగా వచ్చిన సిల్వెస్టర్ మెకాయ్ పాతాయన బట్టలు తొడుక్కుని, ఉంగరాల జుట్టు విగ్గు పెట్టుకుని నేల మీద పడుకుంటే అలా కానిచ్చారు. ఆరో డాక్టర్ని ప్రేమించినవాళ్లకి ఆయన మొహం చూసి వెళ్లి రమ్మని చెప్పే అదృష్టం కూడా లేకపోయింది. నీకు రెండు భాగాల వీడ్కోలు ఉంది, తీరిగ్గా రాసి, తీరిగ్గా తీసినది.

గొడవలేమైనా ఉన్నాయా అని రాత్రిళ్లు వెతకడం మాత్రం మానెయ్. ఇది నేను బతిమాలి చెబుతున్నాను. ‘బాబిలాన్ 5’ అని 1990లలో ఇంకో సైన్స్ ఫిక్షన్ సీరియల్ వచ్చింది. అందులో కమాండర్ వేషం వేసిన మైకేల్ ఓహేర్ మొదటి సీజన్ అవ్వగానే వెళ్లిపోయాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. ఆయన 2012లో చనిపోయాడు. ఆ మరుసటి ఏడు సీరియల్ సృష్టికర్త జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ అసలు సంగతి చెప్పాడు. షూటింగ్ జరుగుతుండగానే ఓహేర్‌కి తీవ్రమైన మానసిక జబ్బు మొదలైంది. ఆయన అడిగినందుకే స్ట్రజిన్‌స్కీ ఆ రహస్యాన్ని ఆయన పోయేదాకా దాచిపెట్టాడు. ఆ జబ్బుతో పోరాడుతూనే ఓహేర్ మళ్లీ వచ్చి, తన పాత్ర కథని పూర్తిచేసి వెళ్లాడు. అభిమానులు ఏవేవో అనుకున్న ఆ ఏళ్లన్నీ ఆయన ఎలా గడిపాడో ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కుతుంది. నటులు మన దగ్గరికి తెచ్చేది పాత్రని. ఇంటి సంగతులు చెబితే వినాలి, చెప్పకపోతే ఊరుకోవాలి.

టెనంట్ ఆ వేషం విసుగొచ్చి మానలేదు. చిన్నప్పుడు ఆయన కూడా నీలాగే ఆ సీరియల్ పిచ్చిలో పెరిగాడు. అది చూసే నటుడు కావాలనుకున్నాడు. తర్వాత ఐదో డాక్టర్ పీటర్ డేవిసన్ కూతుర్నే పెళ్లి చేసుకున్నాడు. ఆ డేవిసన్‌కేమో రెండో డాక్టర్ ట్రౌటన్, మూడేళ్లకు మించి ఉండొద్దని సలహా ఇచ్చాడట. డేవిసన్ ఆ మాట పాటించాడు. టామ్ బేకర్ ఒక్కడే 1974 నుంచి ఏడేళ్లున్నాడు. ఇంతకంటే పెద్ద రహస్యాలేమీ అక్కడ లేవు, పడుకో.

ఇప్పుడు తమ్ముడి సంగతి. దీన్ని గురించి నేను కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మా నాన్న రెండో కృష్ణుడు.

నీ వయసు పిల్లలకి ఈ మాట తెలుసో లేదో. కాంట్రాక్టు పద్యనాటకాల్లో ఒకే రాత్రి ఒకే పాత్రకి ఇద్దరు ముగ్గురు నటుల్ని పిలిచేవారు. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకరు, యుద్ధానికి మరొకరు. పేరున్న ఆయన మొదటి కృష్ణుడిగా వచ్చి, పాడి, వన్స్ మోర్లు కొట్టించుకుని వెళ్లిపోతాడు. తెర పడి లేచేసరికి అదే కృష్ణుడు, వేరే మనిషి. జనం ఏమీ అనుకునేవారు కాదని ఇప్పుడు కొందరు తేలిగ్గా రాస్తారు. అనుకునేవారమ్మా, బాగా అనుకునేవారు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్న రైలెక్కి నాన్నతో కాశీనగర్ వెళ్లాను. ఆ రాత్రి మొదటి కృష్ణుడు చాలా పేరున్న ఆయన. ఆయన పాడుతుంటే గాలి కూడా ఆగినట్టుండేది. ఒంటిగంటకి ఆయన వంతు అయిపోయింది. తెర వెనక ఆయన తల మీద నుంచి కిరీటం తీసి నాన్న చేతిలో పెట్టాడు. కిరీటం ఒకటే ఉండేది. లోపల గుడ్డ ఆయన చెమటకి తడిసిపోయి ఉంది. నాన్న దాన్ని తుడవకుండా అలాగే పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే “టైం లేదు” అన్నాడు. తర్వాత ఇంటికొచ్చాక ఇంకో మాట అన్నాడు, “వేడిగా ఉండగానే పెట్టుకోవాలి” అని.

తెర లేచింది. సగం మంది టీ కొట్టుకి వెళ్లిపోయారు. ఒకాయన గట్టిగా పాతాయన పేరు పెట్టి పిలిచి, ఆయన్నే మళ్లీ రమ్మన్నాడు. నాన్న ముందు రెండు పద్యాలూ రాగం సాగదీయకుండా మామూలుగా పాడాడు. నాకు ఏడుపొచ్చింది, నాన్నకి పాడటం రాదనుకుంటారని. నేను ఆ టీ కొట్టు దగ్గరివాళ్లందరినీ అసహ్యించుకున్నాను. పాతాయన్ని కూడా అసహ్యించుకున్నాను, అంత బాగా పాడినందుకు. తర్వాత నాన్న చెప్పాడు, “వాళ్ల చెవుల్లో ఇంకా ఆయన గొంతే ఉంటుంది. అది దిగేదాకా నేను పైకెత్తకూడదు. వాళ్లు ఆయన్ని మర్చిపోకుండానే నన్ను వినాలి” అని. ఆ రాత్రి నాన్నకి వన్స్ మోర్ ఒక్కటే వచ్చింది, అదీ తెల్లారగట్ల. అడిగింది ఇందాక పాతాయన్ని పిలిచినాయనే.

టెనంట్ తర్వాత డాక్టర్‌గా వచ్చిన మ్యాట్ స్మిత్ మొదటి ఎపిసోడ్ నేను చూసినప్పుడు అందుకే నాన్నని తలుచుకున్నాను. ఆ కుర్రవాణ్ణి ఎంచుకున్నప్పుడు వయసు 26. డాక్టర్ వేషం వేసినవాళ్లలో అంత చిన్నవాడు అప్పటిదాకా లేడు. ఆ మొదటి ఎపిసోడ్‌లో చాలాసేపు ఆయన టెనంట్ బట్టల్లోనే, చిరిగిపోయిన ఆ బట్టల్లోనే తిరుగుతాడు. కిరీటం లోపలి గుడ్డ ఇంకా ఆరలేదన్నమాట. టెనంట్‌ని ప్రేమించినవాళ్లు ఆ రోజుల్లో ఆయన్ని ఎన్ని మాటలన్నారో. 2013లో అదే స్మిత్ వెళ్లిపోతుంటే ఏడ్చినవాళ్లలో వాళ్లూ ఉండి ఉంటారని నా నమ్మకం. 2017లో జోడీ విటేకర్ వస్తోందని తెలిసినప్పుడు, డాక్టర్‌గా ఆడమనిషా అని, ఒక్క సీను కూడా చూడకుండానే తిట్టినవాళ్లున్నారు. మగవాడై ఉండి ఆడవేషం కట్టిన స్థానం నరసింహారావు గారి సత్యభామని తలమీద పెట్టుకున్న జాతి మనది, మనకైతే అది వింత కాకూడదు.

మీ తమ్ముడు ఒట్టు తప్పాడు. అది తప్పే. ఆ మాట వాడితో సూటిగా చెప్పు, మూతి ముడుచుకుని కూర్చోకు. “నువ్వు చూసినందుకు కాదు, నన్ను వదిలేసి చూసినందుకు కోపం వచ్చింది” అని చెప్పు. కానీ కొత్తాయన నచ్చడం వాడి తప్పు కాదు. టీ కొట్టు నుంచి ముందుగా తిరిగి వచ్చినవాడు వాడు, అంతే. ఎవరో ఒకరు ముందు రావాలి కదా. ‘ఇంకా బాగున్నాడు’ అనే మాట మాత్రం అనకూడనిది. పోలిక పెట్టకుండా కూడా ఇష్టపడొచ్చని వాడికి చెప్పు. వాడికీ ఒక రోజు వస్తుంది. స్మిత్ వెళ్లిపోయే ఎపిసోడ్ ముందు వాడూ నీలాగే ఆగిపోతాడు. అప్పుడు నువ్వు ‘చూశావా’ అని దెప్పకు. పక్కన కూర్చో.

ఇలాంటి ఉత్తరం చూసి, నీ బాధ ఆ నటుడి గురించి కాదు, హాస్టల్‌కి వెళ్లిపోయిన తమ్ముడి గురించి అని కొందరు చెప్తారు. నేనలా అనను. తమ్ముడి బెంగ ఉంది, నిజమే. డాక్టర్ మీది ప్రేమ కూడా నిజమే. ఒకదాన్ని తీసి ఇంకొకదాని కింద దాచనక్కర్లేదు.

ఇంక చేయాల్సింది చెబుతాను. తమ్ముడు శనివారాలు ఇంటికి వస్తాడనుకుంటాను, విశాఖ నుంచి రైలు ప్రయాణం నాలుగైదు గంటలే కదా. ఈసారి వచ్చినప్పుడు రెండు భాగాలూ ఒకే సాయంత్రం చూడండి. వాడు చూసేశాడు కాబట్టి పక్కన కూర్చుని ముందే ఏమీ చెప్పకూడదని షరతు పెట్టు. రెండూ కలిపి రెండు గంటలకు పైనే ఉంటుంది. అందుకని భోజనాలు ముందే కానివ్వండి. ఫోన్లు పక్క గదిలో పెట్టండి. మొదటి భాగం అవ్వగానే ఆపి రేపు చూద్దామని అనకు, ఆ రేపు మళ్లీ మూడు నెలలవుతుంది. ఏడుపు వస్తే ఏడువు.

అయిపోయాక వెంటనే తర్వాతి ఎపిసోడ్ వేయకు. తమ్ముడు తొందరపెడతాడు, వద్దను. వారం పది రోజులు పోనివ్వు. నీకు బాగా ఇష్టమైన పాత ఎపిసోడ్ ఒకటి మళ్లీ చూసుకో. ఆ తర్వాత కొత్తాయన్ని మొదలుపెట్టు, కనీసం నాలుగైదు ఎపిసోడ్లు చూసేదాకా మంచీ చెడూ తేల్చకు. నాకు ఐదు పట్టింది. మా మేనకోడలికి ఒక్కటే చాలింది. టెనంట్ తర్వాత మళ్లీ కనబడతాడా అని అడుగుతావేమో. 2013లో ఆ సీరియల్‌కి యాభై ఏళ్లు నిండినప్పుడు వచ్చాడు, ఆ తర్వాత కూడా వచ్చాడు. ఎలా వచ్చాడో మాత్రం వరసలో చూస్తూ వెళితేనే బాగుంటుంది. ఆ ఆశతో ఈ వీడ్కోలుని సగం మనసుతో చూడకు. ఆ రోజు కోసం ఆయన ఎంత కష్టపడ్డాడో నీకే తెలుస్తుంది.

అమ్మని కూడా పిలువు. ఆవిడ కూర్చోదు, పని ఉందంటుంది. గుమ్మంలో నిలబడే కాసేపు చూస్తుంది. “వీడేనా?” అని అడిగితే, అవునమ్మా, ఈయనే అని చెప్పు.